నీలకురింజి: ఒక విజ్ఞాన సర్వస్వ వ్యాసానికి పాఠ విమర్శ

సంగ సాహిత్యంలోని తిణై వ్యవస్థనూ తెలుగు ప్రబంధాలలోని వనవర్ణనలనూ పోల్చి చూసే నా సిద్ధాంత గ్రంథంలో, రెండవ అధ్యాయానికి ఒక అధోజ్ఞాపిక అవసరమైంది. కురింజి అంటే ఏమిటో తెలుగు పాఠకునికి మూడు వాక్యాలలో చెప్పాలి. ఇంగ్లీషు వికీపీడియా వ్యాసం తెరిచి, అందులోని విషయాన్ని ఇలా కుదించాను: కురింజి పన్నెండేళ్ళకొకసారి పూసే అరుదైన నీలిపువ్వు, సైలెంట్ వ్యాలీలో ప్రవహించే కుంతి నది పేరు మీద దీని శాస్త్రీయ నామం ఏర్పడింది, నీలగిరులకు ఆ పేరు రావడానికి ఈ పువ్వే కారణం. పర్యవేక్షకులు అధ్యాయం తిరిగి ఇచ్చినప్పుడు ఆ మూడు వాక్యాల పక్కనా పెన్సిలుతో ఒకటే ప్రశ్న మూడుసార్లు వ్రాసి ఉంది: "ఎవరు చెప్పారు?"

ఆ ప్రశ్నకు జవాబు వెదికే క్రమంలో పుట్టింది ఈ వ్యాసం. తాళపత్ర ప్రతిలో ఒక పాఠం సందేహాస్పదంగా కనిపిస్తే ప్రత్యంతరాలు చూడమని మాకు మొదటి సంవత్సరంలోనే నేర్పుతారు. ముద్రిత గ్రంథంలో ఒక తేదీ కనిపిస్తే దాని ఆధారం అడుగుతాము. విజ్ఞాన సర్వస్వ వ్యాసాన్ని మాత్రం, అదేదో ఆకాశం నుంచి ఊడిపడినట్లు, ప్రశ్నించకుండా ఎత్తి వ్రాసుకుంటాము. నేనూ అదే చేశాను. కర్త పేరు లేని రచన కాబట్టి అందులోని మాటకు బాధ్యులెవరో తెలియదు. బాధ్యులు తెలియని మాట లోకసత్యంలా వినిపిస్తుంది. నిజానికి వికీపీడియా వ్యాసానికి ప్రతి మార్పూ నమోదై ఉంటుంది. అంటే దాని పాఠ చరిత్ర ఏ కావ్యం పాఠ చరిత్ర కన్నా సులభంగా అందుతుంది. చూసేవారే తక్కువ. ఇక్కడి పరిశీలన నేను చదివిన నాటి పాఠానికి మాత్రమే వర్తిస్తుంది. రేపు ఎవరైనా దానిని సవరించి ఉండవచ్చు, సవరిస్తే మంచిదే.

విజ్ఞాన సర్వస్వం తెలుగువారికి కొత్త ప్రక్రియ కాదు. కొమర్రాజు లక్ష్మణరావు గారు 1923లో కన్నుమూసే నాటికి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం అకారాది అంశాల దగ్గరే ఉంది. ఒక మనిషి ఆయుర్దాయానికి ఒక అక్షరం దాటలేదన్న విషయాన్ని మనం సాధారణంగా విషాదంగా చెప్పుకుంటాము. ఆ నిదానం వెనుక ఒక పద్ధతి ఉన్నదని కూడా గుర్తించాలి. తాను నిలబడి చెప్పగలిగిన మాటే అచ్చుకు పంపాలన్న పట్టుదల అది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా అక్షరక్రమం బంధం నుంచి బయటపడింది. ఎవరు ఏ అంశం మీదనైనా వ్రాయవచ్చు. లక్ష్మణరావు గారికి లేని సౌకర్యం మనకు దొరికింది. ఆయనకున్న పట్టుదల సంగతి ఒక పువ్వు మీది వ్యాసం దగ్గర పరీక్షించి చూడవచ్చు.

ముందుగా ఆ వ్యాసం బాగా చేసిన పనిని ఒప్పుకోవాలి. మొక్క అకాంథేసీ కుటుంబానికి చెందినదనీ, పడమటి కనుమలలోని షోలా అడవుల ప్రాంతపు కొండవాలులలో సుమారు 1300 నుంచి 2400 మీటర్ల ఎత్తున పెరుగుతుందనీ, పొద ఒకసారి పూసి విత్తనాలు రాల్చి చనిపోతుందనీ సూటిగా చెబుతుంది. తమిళ, మలయాళ, కన్నడ నామాలను గుర్తిస్తుంది. కొత్తవానికి మొక్క రూపురేఖలు తెలుస్తాయి. చిక్కు ఎక్కడంటే, కొలతలు ఉన్న చోట జాగ్రత్తగా నడిచిన వ్యాసం పేర్లూ కథలూ వచ్చిన చోట ఆ జాగ్రత్తను పక్కన పెట్టింది. వృక్షశాస్త్రానికి ఆధారం కావాలి, మాటల పుట్టుకకు అక్కరలేదు అన్న అభిప్రాయం దాని వెనుక ఉన్నట్లు తోస్తుంది. సాహిత్య విద్యార్థిగా నాకు అభ్యంతరం అక్కడే.

మొదట శాస్త్రీయ నామాన్ని తీసుకుందాము. స్ట్రోబిలాంథిస్ కుంథియానా అనే పేరులోని రెండవ పదం సైలెంట్ వ్యాలీలోని కుంతి నదిని సూచిస్తుందని వ్యాసం చెబుతుంది. వినడానికి ఎంతో అందంగా ఉంది. మన పువ్వు, మన నది, పైగా మహాభారత స్మృతి. ఆ అడవికి స్థానికంగా సైరంధ్రీవనమనే పేరుంది. పాండవుల అరణ్యవాస కథలు అక్కడ ప్రచారంలో ఉన్నాయి. ఆ వరుసలోకి పువ్వు పేరు కూడా చక్కగా ఒదిగిపోతుంది. ఇంత చక్కగా ఒదిగినప్పుడే అనుమానించాలి.

ఈ మొక్కను శాస్త్ర లోకానికి మొదట వర్ణించినవాడు జర్మన్ శాస్త్రజ్ఞుడు నీస్ ఫాన్ ఎసెన్‌బెక్. ఆ వర్ణన నథానియల్ వాలిచ్ ప్రచురించిన 'ప్లాంటే ఏషియాటికే రేరియోరెస్' మూడవ సంపుటంలో 1832లో వెలువడింది. అప్పుడు ప్రజాతి పేరు వేరు, ఫ్లెబోఫిల్లం. రెండవ పదం మాత్రం ఇదే. నీస్ ఐరోపాలో కూర్చుని, భారతదేశం నుంచి వచ్చిన ఎండు నమూనాలను చూసి వ్రాసినవాడు. ఆయన సమకాలికులలో కార్ల్ సిగిస్‌మండ్ కుంట్ (1788–1850) అనే ప్రసిద్ధ వృక్షశాస్త్రవేత్త ఉన్నాడు. హంబోల్ట్, బాన్‌ప్లాండ్ దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన మొక్కలను వర్గీకరించి, తరువాత బెర్లిన్‌లో ఆచార్యుడైనవాడు. తోటి శాస్త్రజ్ఞుల పేర్లు మొక్కలకు పెట్టడం ఆ కాలపు మర్యాద. రాక్స్‌బర్గ్ పేరున రాక్స్‌బర్గియానా, వైట్ పేరున వైటియానా అని అనేక మొక్కలున్నాయి. కుంట్ పేరున కుంథియానా ఏర్పడడం ఆ మర్యాదకు సరిగ్గా సరిపోతుంది.

ప్రత్యయం ఒక్కటే ఈ వివాదాన్ని తేల్చలేదని కూడా చెప్పాలి. లాటిన్‌లో ఆ ప్రత్యయం స్థలనామాలకు కూడా చేరుతుంది. ఆఫ్రికానా, అమెరికానా వంటి రూపాలు అందుకు ఉదాహరణ. కనుక వ్యాకరణం రెండు అర్థాలకూ తలుపు తెరిచే ఉంచింది. తూకం మార్చేది చరిత్ర. కుంతి నది నేడు మనకు తెలిసిన నది అయింది సైలెంట్ వ్యాలీ జలవిద్యుత్ పథకానికి వ్యతిరేకంగా గత శతాబ్దపు డెబ్భైలలో, ఎనభైల తొలి సంవత్సరాలలో నడిచిన ఉద్యమం వల్ల. ఆ అడవి 1984లో జాతీయ ఉద్యానంగా ప్రకటితమైంది. 1832లో భారతదేశం చూడని ఒక జర్మన్ పండితుడు, బల్ల మీద నమూనా పెట్టుకుని, తన పక్కన ఉన్న కుంట్‌ను విడిచి పడమటి కనుమల లోపలి ఏరును తలచుకున్నాడని నమ్మాలంటే గట్టి ఆధారం కావాలి. వ్యాసం ఆధారం చూపలేదు. నేటి కీర్తిని నిన్నటి పేరు మీదికి పంపిన సందర్భమిది. స్థలపురాణాల మీద పనిచేసేవారికి ఈ ప్రక్రియ కొత్త కాదు.

ఇక్కడ లిపికి సంబంధించిన విశేషం ఒకటుంది. రోమన్ లిపిలో కుంట్ పేరూ కుంతి పేరూ ఒకే అక్షరాలతో మొదలవుతాయి, కంటికి ఒకే మాటలా కనిపిస్తాయి. తెలుగులో వ్రాసిన మరుక్షణం ట-కారం, త-కారం విడిపోతాయి. ఇంగ్లీషులో దాగిన సమస్య తెలుగులో బయటపడుతుందన్నమాట. అనువాదకుడు రోమన్ అక్షరాలను చూసి కుంతి అని వ్రాసుకుంటే మాత్రం, బయటపడవలసిన సమస్య శాశ్వతంగా పూడిపోతుంది. నా అధోజ్ఞాపికలో జరిగింది అదే.

రెండవ వాక్యం నీలగిరుల గురించి. ఈ పువ్వు కొండలను నీలిగా కప్పివేయడం వల్ల నీలగిరి అన్న పేరు వచ్చిందని వ్యాసం నిస్సందేహంగా అంటుంది. కొండ మొత్తం పూసిన దృశ్యం చూసినవారికి ఆ ఊహ సహజంగా కలుగుతుంది. కానీ దూరపు కొండ ఎప్పుడైనా నీలంగానే కనిపిస్తుంది, పువ్వు ఉన్నా లేకపోయినా. పూరీ క్షేత్రాన్ని నీలాచలమంటాము. గువాహటిలో కామాఖ్య కొలువున్న కొండ కూడా నీలాచలమే. ఆ రెండు చోట్లా కురింజి లేదు. మనకు మరింత దగ్గరగా, తిరుమల ఏడుకొండలలో ఒకటి నీలాద్రి. అక్కడ ఆ పేరుకు నీలాదేవి తలనీలాలు సమర్పించిన కథ చెప్పుకుంటారు. ఒకే మాటకు ఒకచోట రంగు, ఒకచోట దేవత, మరొకచోట పువ్వు కారణాలుగా నిలిచాయి. ఏ ప్రాంతంలో ఏది కళ్ళకు కొడుతుందో అది ఆ పేరుకు వ్యుత్పత్తి అవుతుంది. నీలగిరి ప్రాంతపు కొండలకు నీల శబ్దం అన్వయించడం క్రీ.శ. 1117 నాటి హొయ్సళ శాసనంలోనే కనిపిస్తుంది. పేరు ప్రాచీనమని దానివల్ల తేలుతుంది, కారణం తేలదు. ఈ సందర్భంలో విజ్ఞాన సర్వస్వం వ్రాయదగిన వాక్యం ఒకటే: పువ్వు వల్ల ఆ పేరు వచ్చిందని ప్రజలలో ఒక నమ్మకం ఉంది. 'నమ్మకం ఉంది' అన్న రెండు మాటలు చేరిస్తే వాక్యం సత్యమవుతుంది. అవి లేకపోవడమే దోషం.

పన్నెండేళ్ళ సంగతి దీనికన్నా సూక్ష్మమైనది, ఎందుకంటే అది తప్పు కాదు. స్ట్రోబిలాంథిస్ ప్రజాతిలో అనేక జాతులు ఏళ్ళ తరబడి ఆకులతోనే పెరిగి, ఒక ఏడు గుంపుగా పూసి, గుంపుగా చనిపోతాయి. సహ్యాద్రిలోని కార్వి ఎనిమిదేళ్ళకు పూస్తుంది. కురింజికి పన్నెండేళ్ళు. వ్యాసం 1838 నుంచి మొదలుపెట్టి 1850, 1862 అంటూ 1994, 2006, 2018 వరకు పూత సంవత్సరాల జాబితా ఇస్తుంది. పదహారు తేదీలు, పదిహేను విరామాలు, అన్నీ సరిగ్గా పన్నెండే. ఆ జాబితాను చూసినప్పుడు ఏ కొండ మీద అన్న ప్రశ్న రావాలి. 2018లో మూన్నారు ప్రాంతంలో విస్తారంగా పూసిన తరువాత, 2022లో ఇడుక్కి జిల్లా శాంతన్‌పారా దగ్గరి కళ్ళిప్పారలోనూ కర్ణాటకలోని చిక్కమగళూరు కొండలలోనూ నీలకురింజి పూసిందని పత్రికలు వ్రాశాయి. వాటిలో ఏది ఈ జాతి, ఏది దాని బంధువు అన్న వివేచన పత్రికలలో తక్కువ. ఒక కొండ గుంపుకు పన్నెండేళ్ళ లెక్క ఉంటుంది. వేరొక గుంపు తన లెక్కను వేరొక ఏడు మొదలుపెట్టి ఉండవచ్చు. పదహారు తేదీలు ఒకే గుంపువా, వేర్వేరు చోట్ల గమనించినవా, లేక రెండు మూడు గమనింపుల మధ్య ఖాళీలను గుణకారంతో నింపినవా? జాబితా ఆ మాట చెప్పదు. రాజవంశావళిలో ప్రతి రాజూ సరిగ్గా ఇరవై ఐదేళ్ళు ఏలాడని ఉంటే చరిత్రకారుడు ఏమంటాడో ఇక్కడా అదే అనవలసి ఉంటుంది.

తెలుగులో ఈ విషయం వ్రాయబోయేవారికి మరొక ఆకర్షణ ఎదురవుతుంది. పన్నెండేళ్ళనగానే మనకు పుష్కరం గుర్తుకు వస్తుంది. నా మొదటి చిత్తుప్రతిలో 'పుష్కరానికొకసారి పూసే పువ్వు' అని వ్రాసుకుని మురిసిపోయాను కూడా. పుష్కరం బృహస్పతి రాశి సంచారాన్ని అనుసరించేది. కురింజి గడియారం దాని లోపలే ఉంది, గ్రహగతితో దానికి పనిలేదు. కాలపరిమాణానికి పర్యాయంగా పుష్కరమనడం తెలుగు నుడికారమే, అందులో తప్పులేదు. విజ్ఞాన సర్వస్వంలో మాత్రం ఆ మాట లేని సంబంధాన్ని సూచిస్తుంది. కవితలో ఉంచుకోవచ్చు.

మరి ఆ మొక్క ఎందుకు అన్నేళ్ళు ఆగుతుంది? పాఠకుని మనసులో మొట్టమొదట పుట్టే ప్రశ్న ఇదే. నేను చదివిన పాఠంలో దానికి తగినంత చోటు దొరకలేదు. వెదురు ఎందుకు దశాబ్దాల పాటు పూయకుండా ఉంటుందన్న ప్రశ్నకు డేనియల్ జాన్‌జెన్ 1976లో ప్రతిపాదించిన సమాధానం ప్రసిద్ధమైనది. విత్తనాలు తినే జీవులు తిని తిని ఇక తినలేనంతగా ఒక్కసారే విత్తనం రాల్చితే, మిగిలినది మొలుస్తుంది. మధ్యలో ఏళ్ళ తరబడి విత్తనమే లేకపోతే ఆ జీవుల సంఖ్య పెరగదు. కురింజి వంటి మొక్కలకూ ఈ ఊహను అన్వయిస్తారు. ఊహగానే చెప్పవచ్చు. వెదురు పూస్తే ఎలుకలు పెరిగి కరవు వస్తుందన్న మాట విన్న తెలుగు పాఠకునికి ఈ తర్కం నాలుగు వాక్యాలలో అర్థమవుతుంది. పూత సంవత్సరాల పట్టికకు ఇచ్చిన స్థలంలో సగం దీనికి ఇస్తే సరిపోయేది.

'అరుదైన' అన్న విశేషణం దగ్గర కూడా ఆగాలి. వాలిచ్ గ్రంథం పేరుకే ఆసియాలోని అరుదైన మొక్కలు అని అర్థం. అక్కడ అరుదు అంటే ఐరోపా పండితునికి అరుదు. పర్యాటకునికి అరుదు అంటే పన్నెండేళ్ళకొకసారి కనిపించేది. కొండ మీద నివసించేవారికి అది అరుదైన మొక్క కాదు, ఏడాది పొడవునా వాలు నిండా ఉండే పొద. పువ్వు మాత్రమే అరుదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ఎర్ర జాబితాలో 2024లో దీనిని ప్రమాదానికి లోనుకాగల జాతిగా చేర్చినప్పుడు ఆ మాటకు నాలుగవ అర్థం వచ్చింది: ఉన్నచోటు తగ్గిపోతున్నది. తేయాకు తోటలు, యూకలిప్టస్, తుమ్మజాతి చెట్ల పెంపకం, పర్యాటకం పచ్చికకొండలను తినివేశాయి. 2006లో ఇడుక్కి జిల్లాలో సుమారు 32 చదరపు కిలోమీటర్లతో కురింజిమల అభయారణ్యం ప్రకటించడం ఈ నాలుగవ అర్థానికి జవాబు. వ్యాసం ఈ అర్థాలన్నిటినీ ఒకే మాటతో సరిపెట్టింది. దానివల్ల పాఠకుడు మొక్క సమృద్ధిగా ఉన్నదనుకోవాలో అంతరిస్తున్నదనుకోవాలో తేల్చుకోలేడు. ఎర్ర జాబితా మదింపులో మనం గమనించవలసిన అంశం మరొకటుంది. గుర్తించిన 34 ఉపసమూహాలలో ముప్పై మూడు పడమటి కనుమలలోనివి, ఒకటి తూర్పు కనుమలలో సేలం దగ్గరి ఏర్కాడు కొండలది. పడమటి కనుమల పువ్వు అని ఒక్కమాటలో వ్రాసేస్తే ఆ ఒక్కటి జారిపోతుంది. జారిపోయే వాటిని పట్టుకోవడానికే కదా విజ్ఞాన సర్వస్వం.

సాహిత్యానికి కేటాయించిన భాగం చాలా పలుచన. సంగ సాహిత్యంలో కురింజి ఒక తిణై పేరు, అది కొండ ప్రాంతమూ ప్రేమికుల కలయికా అన్నంత వరకు చెప్పి ఊరుకుంటే, అసలు ప్రశ్న మిగిలిపోతుంది: ఆ పద్యాలలోని కురింజి, నేటి స్ట్రోబిలాంథిస్ కుంథియానా ఒకటేనా? కురుంతొగై మూడవ పద్యంలో దేవకులత్తార్ కురింజి పూల తేనెను ప్రస్తావిస్తాడు. అక్కడ మొక్క కాండం నల్లనిది. పువ్వు నీలమని లేదు, పన్నెండేళ్ళ మాట లేదు. కపిలర్ కురింజిప్పాట్టులో తొంభై తొమ్మిది పూల పేర్లు వరుసగా వస్తాయి. ప్రబంధ కవుల వనవర్ణనలతో పోల్చదగిన పట్టిక అది. ఆ కొండలలో ఈ ప్రజాతికి చెందిన జాతులు ఎన్నో ఉన్నాయి. తేనె, నల్లని కాండం, కొండవాలు అన్న మూడు గుర్తులతో జాతిని గుర్తించడం కష్టం. బహుశా కవికి జాతి భేదం అక్కరలేదు కూడా. అతనికి కావలసింది ఆ నేల. విజ్ఞాన సర్వస్వం నేటి లాటిన్ పేరును రెండు వేల ఏళ్ళ వెనుకటి పద్యానికి అంటించినప్పుడు కవిత్వానికీ శాస్త్రానికీ రెండిటికీ అన్యాయం జరుగుతుంది.

కొండజాతి ప్రజలైన పళియన్‌లు ఈ పూతను బట్టి వయస్సు లెక్కించుకునేవారన్న వాక్యం కూడా వ్యాసంలో ఉంది. నిజం కావచ్చు. ఒక మనిషి ఎన్ని పూతలు చూశాడో చెప్పడం ఎంత సహజమో ఊహించవచ్చు. అయితే ఆ మాట ఎవరితో, ఎప్పుడు, ఏ భాషలో అన్నారన్నది లేకుండా ఒక జాతి మొత్తానికి ఆపాదించడం, జానపద విజ్ఞానంలో ఏనాడో విడిచిపెట్టిన అలవాటు. దీనికన్నా ఎక్కువ దీని మీద చెప్పనవసరం లేదు.

తెలుగులో ఈ వ్యాసం వ్రాయవలసి వస్తే దానిని ఇంగ్లీషు నుంచి దించుకోకూడదన్నది నా అభిప్రాయం. అకాంథేసీ అన్న కుటుంబనామం తెలుగు పాఠకునికి ఏమీ చెప్పదు. అదే కుటుంబంలో మన కనకాంబరం ఉంది, అడ్డసరం ఉంది, నేలవేము ఉంది, ములుగోరింట ఉంది. కురింజి కనకాంబరానికి చుట్టమని ఒక్క వాక్యం వ్రాస్తే, జడలో పువ్వు తురుముకున్న ప్రతి ఇంటికీ ఆ కుటుంబం తెలిసిపోతుంది. ఇంగ్లీషు పాఠకునికి ఈ వాక్యం అక్కరలేదు, అందుకే మూలంలో లేదు, అందుకే అనువాదంలోకీ రాదు. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణించేటప్పుడు వాటి తెలుగు పేర్లు అడిగి వ్రాసుకున్నాడు. పరాయివాడు రెండు వందల ఏళ్ళ క్రితం చేసిన పని మన వ్యాసాలలో నేడు కనిపించకపోవడం సిగ్గుపడవలసిన విషయం.

చుట్టరికం చెప్పేటప్పుడు ఒక హెచ్చరిక. కురింజి, కురవకం, గోరింట అన్న మాటల ధ్వని సామ్యం అనువాదకుని ఊరించక మానదు. అమరకోశంలో ఝింటి జాతికి పూల రంగును బట్టి వేర్వేరు పేర్లున్నాయి. ఎర్రనిది కురవకం, పచ్చనిది కురంటకం, నీలిపూల దానికి బాణ మొదలైన పేర్లు. ప్రబంధాలలో కాంత కౌగిట పూచే కురవకం అదే. నీలిరంగు, ఒకే కుటుంబం, దగ్గరి ధ్వని అన్న మూడింటినీ కలిపి కురింజికి బాణమనో కురవకమనో తెలుగు పేరు పెట్టేయాలన్న కోరిక నాకే కలిగింది. పెడితే కుంతి నది కథకు తోబుట్టువు మరొకటి పుడుతుంది. ఈ మొక్క పెరగని నేలలో దానికి తెలుగు పేరు లేకపోవడం లోపం కాదు. కురింజి అన్న తమిళ మాటనే ఉంచుకోవాలి.

నా అధోజ్ఞాపికను తిరిగి వ్రాశాను. మూడు వాక్యాలు ఐదయ్యాయి. కురింజి దక్షిణ భారతపు ఎత్తైన కొండవాలులలో పెరిగే పొద అనీ, కనకాంబరపు కుటుంబంలోనిదనీ, ఒక్కొక్క గుంపు పన్నెండేళ్ళకు పూసి చనిపోతుందనీ, సంగ కవుల కురింజి ఈ జాతేనని నిశ్చయంగా చెప్పలేమనీ, నీలగిరి అన్న పేరుకు ఈ పువ్వు కారణమన్నది ప్రజల నమ్మకమనీ ఉంది. కుంతి నది వాక్యం తీసివేశాను. పర్యవేక్షకులు ఈసారి ఒకచోట మాత్రమే పెన్సిలు పెట్టారు, 'ఒక్కొక్క గుంపు' అన్న మాట కింద. దానికి ఆధారంగా పత్రికా వార్తలు చాలవని వారి అభిప్రాయం. మూన్నారు కొండలు మళ్ళీ పూయవలసిన ఏడు 2030. అధ్యాయం సమర్పించవలసిన గడువు అంతకన్నా చాలా ముందుంది.